నల్ల తెర పాఠాలకు మార్కులేయబోయి

కర్నూలు నుంచి కడపకు పోయే బస్సులో ఏ వైపు కూర్చోవాలో ముందు చెప్తాను. పొద్దున పోయేటప్పుడు కుడి వైపు. సాయంత్రం వచ్చేటప్పుడూ కుడి వైపే. ఎడమ వైపు కూర్చున్నవాళ్ళు ఆళ్ళగడ్డ చేరేలోపల ఎండకు అప్పడాలైపోతారు. కండక్టరు వాళ్ళను విరగకుండా దింపుకోవాలి.

నేను కర్నూల్లో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్తాను. కాలేజీల్లో డిజిటల్ పాఠాలు ఎలా నడుస్తున్నాయో చూసి మార్కులేయడానికి మా ముగ్గురితో ఒక కమిటీ వేశారు. మే నెలలో కడప అనగానే మిగతా ఇద్దరికీ ఒకే క్షణంలో బీపీ పెరిగింది. మిగిలింది నేను, రోకలంత లావున్న ఒక ఫారాల కట్ట.

"ఆ ఎకనామిక్స్ మేడం వీడియోలో బొమ్మే లేదు, తెరంతా అమావాస్య. పోయి సంతకం పెట్టి రా," అన్నారు కమిటీ పెద్ద. నేను తక్కువ మార్కులేసి సంతకం పెడితే జూన్‌లో ఆమె కాంట్రాక్టు పొడిగించరు. అంతే పని.

ఐదున్నరకు బస్సు. ఏడుంబావుకు నంద్యాలలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆ మిరపకాయ కొరికినప్పుడు ఎప్పుడో పోయిన మా తాతగారి ముఖం కూడా స్పష్టంగా కనబడింది. పది నలభైకి కడప. అక్కడ రాజంపేట బస్సెక్కి అరగంటలో దిగితే కాలేజీ.

హసీనా మేడంకు ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే కుర్చీ తుడిచి, ఫ్యాను నా వైపు తిప్పి, తను చెమటలో నిలబడింది.

"తెర నల్లగా ఎందుకుంది తల్లీ?" అన్నాను.

"ఈడ చెప్తే మీకు నమ్మకం కుదరదు సార్. ఆటోలో పది నిమిషాలు. వస్తారా?"

ఆటో ఒక నేత ఊళ్ళో ఆగింది. ఇంట్లోకి అడుగుపెడితే గుంట మగ్గం మీద లక్ష్మీదేవి అనే పిల్ల, మేడం దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం. చేతులు అటూ ఇటూ ఉరికే నాడె మీద, కళ్ళు పోగుల మీద. మగ్గం గుంజకు తాడుతో ఫోను కట్టి ఉంది. దాని తెర గోడ వైపు తిరిగి ఉంది. చెవిలో ఇయర్‌ఫోను, దాంట్లో మేడం పాఠం.

"చూడకుండా ఎట్ల నేర్చుకుంటావమ్మా?"

"చూస్తే పోగు తెగుతాది సార్. మాయమ్మ తంతాది," అంది, చెయ్యి ఆపకుండానే.

పక్కన రాట్నం తిప్పుతున్న తల్లి తల ఎత్తింది. "నేను యాడ తన్నినానే? సార్ ముందర పరువు తీస్తాండావు!"

హసీనా నవ్వింది. "మొదట్లో నేనూ నలభై నిమిషాల వీడియోలే చేసినాను సార్. రంగురంగుల గ్రాఫులు. ఒకరోజు ఈ పిల్లే అడిగింది, 'ఇదిగో ఈ గీత అంటారే మేడం, యా గీత?' అని. ఆ పొద్దే పోయి కంప్యూటరు తెరిచినాను. పెట్టిన వీడియోలన్నీ ఆఖరుదాకా చూసినట్టే దాంట్లో లెక్క పడ్తాంది. అందరూ పని చేసుకుంటా వింటాండారు, ఒక్కరూ చూడలా."

అప్పటినుంచి ఆమె పాఠంలో 'ఇది', 'అది' అన్న మాటలు మానేసింది. పాఠాలు పెట్టే సైటు వీడియో తప్ప మరొకటి తీసుకోదు కాబట్టి గొంతుకు నల్ల తెర అతికించి పెడుతోంది. ఒక్కో పాఠం నాడెలో పెట్టే ఒక్క కండె నూలు అయిపోయేంతసేపే. కండె మార్చడానికి మగ్గం ఆగినప్పుడు, ఆ నిశ్శబ్దంలో ఒక ప్రశ్న. జవాబు తల్లీకూతుళ్ళు తేల్చుకుంటారు.

నా ఫారంలో నిడివి నలభై నిమిషాలు ఉండాలి. దృశ్య సాధనాలకు ఇరవై మార్కులు. చెవికి గడి లేదు.

"కాంట్రాక్టు పొడిగించకపోతే ఏం చేస్తావు?" అని అడిగాను, ఆటోలో.

"నాదేముంది సార్, ట్యూషన్లు చెప్పుకుంటా. నా బదులు వచ్చే ఆమె మళ్ళా 'ఇదిగో ఈ గీత' అంటాది," అంది.

కడపలో కారం దోశ తిని మూడున్నర బస్సెక్కాను. మైదుకూరు దాకా ఫారం ఒళ్ళో పెట్టుకుని, ఒక్క గడీ నింపలేక, ఆమె పాఠం ఒకటి పెట్టాను. ఇయర్‌ఫోన్ తేలేదు, ఫోనే చెప్పింది.

"ఎడమ భుజం దగ్గర మొదలుపెట్టి కుడి మోకాలి దాకా ఒక గీత గీసుకోండి. భుజం కాడ ధర ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. మోకాలి కాడికి దిగేకొద్దీ ధర తగ్గుతాది, కొనేవాళ్ళు పెరుగుతారు."

పక్క సీటాయన తన ఛాతీ మీదుగా వేలు జార్చి చూసుకున్నాడు. కర్నూలు దగ్గరి ఉల్లి రైతట.

"నిజమేనప్పా. సరే, అందరూ ఒకేసారి సరుకు తెస్తే? అదేమన్నా చెప్పిందా ఆయమ్మ?"

"తర్వాతి పాఠంలో ఉన్నట్టుంది."

"ఉన్నట్టుంది అంటావేంది? పెట్టు!"

పెట్టాను. ముందు సీట్లో ఇద్దరు కూడా వెనక్కి తిరిగారు. బస్సు కుదుపులకు నా అక్షరాలు గంతులేస్తుండగా ఫారం నింపాను. దృశ్య సాధనాలు: సున్నా, నిజం అదే. కింద సంతకం చేసే చోట మాత్రం, 'ఈమెను పొడిగించాలి. తప్పు ఈ ఫారంది. దీన్ని మార్చేవరకు నన్ను కమిటీలోంచి తీసేసినా అభ్యంతరం లేదు' అని రాశాను. మా కమిటీ పెద్దమనిషి దీన్ని చదువుతాడో, చించుతాడో తెలియదు. చించితే మళ్ళీ రాసిస్తాను.

నా చరిత్ర పాఠాల వీడియోలకు నిరుడు తొంభై పైచిలుకు మార్కులొచ్చాయి. కోటలు గిర్రున తిరుగుతాయి, బాణాలు రంగుల్లో పోతాయి. తర్వాతది పెట్టమని ఇంతవరకు ఒక్క ప్రాణి అడగలేదు.