విజిల్ టీచరు జబ్బు

విజిల్ టీచరుకు ఏ జబ్బూ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నా కడుపుమంట కాస్త చల్లారుతుంది, మిగతాది నింపాదిగా చెప్పుకోవచ్చు. నింపాదిగానే చెబుతానని మాత్రం మాట ఇవ్వలేను.

మాది కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల హైస్కూలు. నేను లెక్కలు చెబుతాను, ఆమె ఆటలు నేర్పుతుంది. నిద్రలో కూడా ఆమె మెడలో విజిల్ ఉంటుందని పిల్లలు చెప్పుకుంటారు. ఆ పేరు వాళ్లు పెట్టిందే. నేను అక్కా అని పిలుస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను ముప్పుతిప్పలు పెడుతుంటే, ఒకరోజు కిటికీలోంచి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఆ చూపు చాలింది. మర్నాటి నుంచి నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినబడేది.

ఆమె చదువుకున్నదీ ఈ బడిలోనే. తండ్రికి గేటు ఎదురుగా సైకిల్ రిపేరు కొట్టు ఉండేది. వాలీబాల్ గాలి పోతే కొత్తది కొనమని ఆఫీసు చుట్టూ తిరిగే రకం కాదు అక్క. తండ్రి దగ్గర పట్టుబడిన పనే కదా, లోపలి బ్లాడర్ బయటికి లాగి, గరుకు కాగితంతో రుద్ది, అతుకు వేసి, బకెట్ నీళ్లలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూస్తూ కూర్చునేది. మా బడి బంతులకు తోలు కన్నా అతుకులే ఎక్కువని అవతలి జట్టు పిల్లలు నవ్వేవారు. ఆట అయ్యాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఆమెకు ఒక నియమం ఉంది. ఒంట్లో బాగాలేని పిల్లను ఎందుకు పరుగెత్తడం లేదని నలుగురిలో అడగదు. దూరం నుంచే కనిపెట్టి, పిలిచి, స్కోరు చెప్పే పని అప్పగిస్తుంది. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లకు కూడా స్కోరు పనే. మిగతావాళ్లు అదేదో పెద్ద పదవి అనుకుని కుళ్లుకునేవారు. ఎవరి ఒంట్లో ఏముందో వాళ్లది, దాన్ని మైదానంలో చాటింపు వేయకూడదు అనేది అక్క. అలాంటి మనిషికి ఏం చేశారో చూడండి.

మా బడి పద్ధతి ఒకటి చెప్పాలి. రోజూ ఉదయం ప్రార్థన చివర విన్నపాలు ఉంటాయి. ఎవరైనా సరే, టీచరైనా పిల్లైనా, మైకు ముందుకొచ్చి ఫలానా వారి కోసం ప్రార్థించుదము అంటే, బడి మొత్తం 'ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము' అని బదులు పలుకుతుంది. చాలా మంచి పద్ధతి, కాదనను. కానీ ఏళ్ల తరబడి జరిగిందేమిటంటే, మా వార్తలన్నీ దేవుడికి చెప్పే మిషతో ఒకరికొకరం చెప్పుకోవడం అలవాటైంది. ఎవరి అమ్మ ఆసుపత్రిలో ఉందో, ఎవరింట్లో పాప పుట్టిందో, ఏ సిస్టరుకు బదిలీ అయిందో అన్నీ కళ్లు మూసుకునే వింటాం. నోటీసు బోర్డు వైపు ఎవరూ చూడరు. మా బడి వార్త ముందు దేవుడికి, తర్వాత మాకు, సాయంత్రానికి చర్చికి వచ్చే అమ్మలందరికీ చేరిపోతుంది.

ఈ ఏడాది బడి తెరిచేసరికి పాత పెద్ద సిస్టరు వెళ్లిపోయి, కొత్త ప్రిన్సిపాల్ సిస్టరు వచ్చారు. వస్తూనే మార్పులు మొదలుపెట్టారు. కుట్లు నేర్పే గది మూసేశారు. గ్రంథాలయం చూసే ఆవిణ్ణి ఆఫీసులోకి మార్చారు. ఆటలు నేర్పే ఒక కంపెనీ వాళ్లు రంగురంగుల చొక్కాలు వేసుకొచ్చి మైదానం కొలుచుకుపోయారు. వాళ్లతో బేరం కుదిరిందని, అక్క అక్కర్లేదని పైవాళ్లు నిర్ణయించారు. నిర్ణయించుకోవచ్చు, బడి వాళ్లది. ఆ మాట అక్క మొహం మీద చెప్పొచ్చు కదా. ఎవరు చెప్పాలి? కరస్పాండెంట్ ఫాదర్ చెప్పి ఉంటారని సిస్టరు, సిస్టరు చెప్పి ఉంటారని ఫాదర్, ఎవరికి వాళ్లు చేతులు దులిపేసుకున్నారు.

ఒక సోమవారం ప్రిన్సిపాల్ సిస్టరే మైకు ముందుకొచ్చారు. అనారోగ్య కారణాల వల్ల ఈ నెలాఖరుతో మనల్ని విడిచి విశ్రాంతి తీసుకోబోతున్న మన ఆటల టీచరుకు ప్రభువు సంపూర్ణ ఆరోగ్యం ప్రసాదించాలని ప్రార్థించుదము, అన్నారు. గొంతులో తేనె ఒలికింది.

అక్క నా పక్కనే ఉంది. ఆరో తరగతి వరుసలో ఒక పిల్ల బూటు తాడు ఊడి వేలాడుతుంటే దాన్నే చూస్తోంది. ప్రార్థించుదము అన్న మాట చెవిన పడగానే అందరితోపాటు తనూ పలికేసింది. 'ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము.' ఆ తర్వాత అందరి తలలూ తన వైపు తిరగడం చూసి, ఏమన్నారు అని నన్ను అడిగింది. చెవిలో చెప్పాను. చిన్న తరగతుల్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మనల్ని విడిచి వెళ్లడమంటే వాళ్లకు తెలిసింది ఒకటే.

అసలు ఆ అనారోగ్యం ఎక్కడిదో తెలుసా? అంతకుముందు అక్క పన్ను పీకించుకుంది. బుగ్గ ఉబ్బి సెలవు పెట్టింది. అంతే. ఒక్క దవడ పన్ను! దాన్ని పట్టుకుని పెద్ద రోగం అల్లేశారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదటి పీరియడ్ కాగానే అక్క సిస్టరు గదికి వెళ్లింది, తోడుగా నేనూ వెళ్లాను. సిస్టరు కంగారుపడ్డారు, ఆ మాట ఒప్పుకోవాలి. ఫాదర్ మీతో మాట్లాడలేదా అని నీళ్లు నమిలారు. తర్వాత సర్దుకుని, తీసేశామని చెబితే మీకే చిన్నతనం, ఆరోగ్యం అంటే గౌరవంగా ఉంటుంది కదా అన్నారు. నాకు జబ్బుందని మీకెవరు చెప్పారని అక్క గట్టిగా అడిగింది. అప్పుడు సిస్టరు అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మీరు కూడా బదులు పలికారు కదా టీచర్. నేను చూశాను."

అంటే అక్క తన జబ్బును తానే దేవుడి ముందు ఒప్పేసుకుందన్నమాట. నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

స్టాఫ్ రూములో నాకు ఇంకా మండుకొచ్చింది. పోనీలెండి, మంచి మాటలతోనే పంపిస్తున్నారు కదా అన్నది ఒకావిడ. గోడ గడియారం కొనిద్దామా, సూట్‌కేసు కొనిద్దామా అని ఇంకో ఇద్దరు తర్జనభర్జన పడుతున్నారు. మనిషికి లేని రోగం అంటగడుతుంటే వీళ్లకు గడియారం దిగులు.

సాయంత్రానికి వార్త అక్క ఇంటికి అక్కకన్నా ముందు చేరింది. ఆమె భర్త లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, మాట తక్కువ మనిషి. ఆయన వాటా కూడా కలిపి అత్తగారే మాట్లాడుతుంది. చర్చి అమ్మలు పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చి ముందుగదిలో మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారట. అక్క అదే సమయానికి నీళ్ల డబ్బా భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. లిఫ్టు పనిచేయని ఇల్లు, పై అంతస్తు. వాళ్లంతా గబుక్కున లేచి, దించమ్మా దించు, నీకేమైనా అయితే, అని డబ్బా లాక్కోబోయారు. ఇద్దరు పట్టినా అది కదల్లేదు.

వాళ్లు వెళ్లాక అత్తగారు పట్టుకుంది.

"ఏం జబ్బే నీకు? బడికంతా చెప్పావు, ఇంట్లో ముసల్దాన్ని, నాకు చెప్పాలనిపించలేదా?"

"నాకే తెలీదు అత్తయ్యా," అంది అక్క. "నాకు కూడా వాళ్లే చెప్పారు."

సంగతంతా విన్నాక ఆ పెద్దావిడ, ఆ పళ్లు కడిగి తెచ్చి కోడలి ముందు పెట్టి, నీ పేరు మీద వచ్చాయి, నువ్వే తిను అందట. ఇద్దరూ నవ్వుకున్నారని అక్క నాకు చెప్పింది. ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు.

ఎందుకంటే అక్క నమ్ముకున్న ఇంకో ఆధారానికీ గండి పడింది. వంతెన అవతల మగపిల్లల హైస్కూలు ఉంది. అక్కడి హెడ్మాస్టరు అక్క తయారుచేసిన జట్లను చూసి, మీరెప్పుడు వస్తానన్నా చోటు ఉంటుందమ్మా అని ఎన్నోసార్లు అన్నాడు. అక్క వెళ్లి అడిగింది. ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, ముందు ఆరోగ్యం చూసుకోండమ్మా అన్నాడు. ఆయన భార్య మా బడిలోనే సైన్సు చెబుతుంది. విన్నపం ఆవిడ చెవులారా విన్నదే. నాకేం లేదండీ, కావాలంటే మీ మైదానం చుట్టూ ఇప్పుడే పరుగెత్తి చూపిస్తానంది అక్క. ఇలాంటివి లోపల ఉంటాయమ్మా, పైకి కనిపించవు అన్నాడాయన జాలిగా. అది తప్పుడు మాటండీ అంటే, ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడట.

"ప్రార్థనలో ఎవరైనా అబద్ధం చెబుతారా అమ్మా?"

ఇదీ అసలు దెబ్బ. ఉద్యోగం తీసేశారంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. రోగిష్టి ఆటల టీచరును ఎవరు పెట్టుకుంటారు? డాక్టరు కాగితాలు తెచ్చి ఎంతమందికి చూపించుకుంటూ తిరుగుతుంది? ఆ మాట ఎక్కడ అన్నారో అక్కడే, ఆ మైకులోనే, కాదని చెప్పాలి. అక్క మళ్లీ సిస్టరు దగ్గరికి వెళ్లి అదే అడిగింది. ఉద్యోగం అడగలేదు, గమనించండి. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోమంది.

చేసిన ప్రార్థనను వెనక్కి తీసుకోవడం ఎలా కుదురుతుంది టీచర్, అన్నారు సిస్టరు. కాసేపు ఆలోచించి ఆవిడే ఒక దారి చూపించారు. పోనీ, మా ప్రార్థన ఫలించి మీకు నయమైందని కృతజ్ఞతలు చెప్పమంటారా?

"లేని జబ్బు ఎలా నయమవుతుంది సిస్టర్?" అని లేచి వచ్చేసింది అక్క.

నెలాఖరు వచ్చింది. ఆఖరి రోజు ఉదయం అందరం మైదానంలో నిలబడ్డాం. పక్కన బల్ల మీద రంగు కాగితం చుట్టిన గడియారం సిద్ధంగా ఉంది. రంగు చొక్కాల కుర్రాళ్లు అప్పుడే వచ్చి గోడవారన నిలబడ్డారు. విన్నపాలు మొదలయ్యాయి. ఒక పిల్ల వాళ్ల తాతయ్య కంటి ఆపరేషన్ కోసం అడిగింది, ఇంకో పిల్ల పరీక్షల కోసం అడిగింది. అప్పుడు అక్క వరుసలోంచి కదిలింది. మైకు ముందుకు ఎవరైనా వెళ్లొచ్చు, అది మా బడి పద్ధతి. ఆపడానికి సిస్టరుకు వీల్లేదు.

అక్క విజిల్ పక్కకు జరుపుకుని చేతులు జోడించింది.

"ప్రభువా, నాకు ఏ జబ్బూ లేదు. నేను పన్ను పీకించుకున్నాను, అంతే. ఈ ఉద్యోగం మానేస్తానని నేను ఎవరితోనూ అనలేదు, వాళ్లే వద్దన్నారు. నాకు ఇంత ఆరోగ్యం ఇచ్చినందుకు నీకు దణ్ణం. ఈ మైకు ముందు నిలబడి నీతో మాట్లాడే మేమందరం నీకు నిజమే చెప్పేలా చూడమని ప్రార్థించుదము."

ముందు ఆరో తరగతి వరుసలో ఏదో సన్నటి గొంతు ఎత్తుకుంది, వెనకాలే బడంతా అందుకుంది. 'ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము.' పరీక్షల కోసం కూడా అంత గట్టిగా పలకగా నేను వినలేదు. నేనైతే అరిచాను. సైన్సు టీచరు పలికింది. నా చూపు మాత్రం వేదిక మీదే ఉంది. చిన్నప్పటినుంచి పలికిన పలుకు కదా, సిస్టరు పెదవులు కూడా వాటంతట అవే కదిలాయి. చివరి మాట మీద ఆవిడకు తెలిసొచ్చి ఆగిపోయారు.

పిల్లలు తరగతులకు కదిలారు. సైన్సు టీచరు ఫోను చెవిన పెట్టుకుని చెట్టు కిందికి వెళ్లి, ఏవండీ, పన్నటండీ, ఉత్త పన్ను, అని చెబుతోంది. గడియారం బల్ల మీదే ఉండిపోయింది. అక్క మామూలుగా వల దగ్గరికి వెళ్లి బంతికి గాలి కొట్టడం మొదలుపెట్టింది, ఆ రోజు మొదటి పీరియడ్ ఆమెదే. సిస్టరు మెట్లు దిగి గబగబా అక్కడికి వచ్చారు. మొహం ఎర్రబడిపోయింది. పిల్లల ముందు, దేవుడి ముందు ఇలాంటి పని చేస్తారా, దీన్ని ప్రార్థన అంటారా టీచర్ అని అడిగారు.

అక్క పంపు ఆపలేదు. బంతిని బొటనవేలితో నొక్కి చూసుకుంది.

"మీరు కూడా బదులు పలికారు కదా సిస్టర్. నేను చూశాను."

అక్క బంతి చంకన పెట్టుకుని విజిల్ ఊదింది, పిల్లలు వరుసల్లో నిలబడ్డారు.