వదిన వడకట్టిన ద్రాక్షారసం

తుని అవతల ఎర్రనేల మీద మాకు అరెకరం ద్రాక్షతోట ఉండేది. రాతి స్తంభాలు పాతి తీగ పందిరి వేయించింది నాన్న. ఆయన పోయాక తోట అన్నయ్య చూసుకునేవాడు, ద్రాక్షారసం వదిన చేసేది, నేను సీసాలు బండి మీద చర్చిలకు చేరవేసేవాణ్ని. నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభురాత్రి భోజనానికి చుట్టుపక్కల సంఘాలన్నీ మా రసమే వాడేవి.

ఒక ఏడు ఆ రసం పాడైపోయింది వదిన వల్లేనని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు.

వదిన పళ్ళు కడిగి, ఆరబెట్టి, చేత్తో చిదిమి, పంచదారా గుప్పెడు గోధుమలూ వేసి జాడీలకు గుడ్డ కట్టేది. పొంగు తగ్గాక వడకట్టి, జాడీలు అంచుదాకా నింపి, గాలి తగలకుండా మూత చుట్టూ మైనం పోసేది. ఆ తర్వాత వాటిని ఇంట్లో ఎవరూ ముట్టకూడదు. ప్రభువు బల్ల కోసం చేసింది బల్ల దగ్గరే మొదట రుచి చూడాలన్నది నాన్న పెట్టిన నియమం.

నాకేమో లైసెన్సు తెచ్చి, మా ఇంటిపేరు లేబుల్ మీద వేసి వైన్ అమ్మాలని ఉండేది. అన్నయ్య ఒప్పుకోలేదు. వాళ్ళిద్దరూ చుట్టాల పెళ్ళికి వెళ్ళిన రోజు, విశాఖలో హోటల్ నడిపే ఒకాయన్ని పిలిచి జాడీలన్నీ తెరిచాను. ఆయన ఒక్కో జాడీలోంచీ తీయించుకుని తృప్తిగా తాగి, "బాగానే ఉందండీ, కాకపోతే దగ్గు మందులా ఉంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను మైనం కరిగించి మళ్ళీ పోశాను. జాడీలు వెలితిగానే ఉన్నాయి.

కొన్ని వారాల తర్వాత సీసాలు నింపుతుంటే వెనిగర్‌లాంటి ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. అయినా నింపి ఇచ్చేశాను. ఆదివారం పాస్టరు అయ్యగారు గిన్నె పెదవులకు ఆనించి ఆగిపోయారు. వరసలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే మొహం చిట్లించారు. వదిన హిందూ కుటుంబంలో పుట్టి, పెళ్ళికి ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి. బయటికి వచ్చాక ఒక సంఘపెద్ద భార్య ఆమెకు వినపడేలాగే అంది: "ఎంతైనా కొత్తగా నమ్ముకున్న చెయ్యి కదమ్మా."

ఇంటికొచ్చాక అన్నయ్య నన్ను అడిగాడు. "ఒరే, జాడీలు ఎవరన్నా తెరిచారా?"

"లేదన్నయ్యా."

అన్నయ్య వదినవైపు చూశాడు. సంఘాలు కొట్లో సీసాలు కొనుక్కోవడం మొదలుపెట్టాయి. మరుసటి ఏడు అన్నయ్య తీగలు కొట్టించి జీడిమామిడి వేశాడు. వదిన చర్చికి వస్తూనే ఉండేది. బల్ల దగ్గరికి తన వరస లేచినప్పుడు మాత్రం కూర్చునే ఉండిపోయేది.

అన్నయ్య పోయిన మూడేళ్ళకు, అంటే మొన్న, వదినతో చెప్పాను. పెసలు బాగుచేస్తూ వింది.

"గోధుమలు సరిగ్గా ఆరలేదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ," అంది. చేట పక్కన పెట్టి, "పోయే ముందు మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని, ఆ రసం సంగతి నేనెప్పుడో క్షమించేశానులే అన్నారు. నేనూ సరేనన్నాను బాబూ."

సంఘంలో లేచి చెప్తానన్నాను. నీ ఇష్టం అని చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి ఆదివారం చెప్పాను. పెద్దలు తలలూపారు. ఇప్పుడు కొన్నదే వాడుతున్నాం కదండీ, పాత సంగతులెందుకు అన్నాడొకాయన. వదిన ఆ రోజు చర్చికి రాలేదు. ఆ తర్వాతా రావడం లేదు.