ఆ క్యాసెట్ మూడుసార్లు వేశాను

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ముందు చిరాకొస్తుంది. ఇంట్లో వింత చప్పుళ్లు వస్తున్నాయని పిలిస్తే ఎర్తింగ్ చూస్తాను, వదులైన వైరు వెతుకుతాను. ఇరవై రెండేళ్లుగా గుడివాడలో ఉంటూ చుట్టుపక్కల ఇళ్లకు స్పీకర్లు బిగిస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు కారణం దొరకని చప్పుడు ఒక్కటీ లేదు, బందరులో విన్నది తప్ప.

మా వైపు మంచి సౌండంటే వంటింట్లో గిన్నెలు కదలాలి. బేస్ కాస్త తగ్గిస్తే "ఇంత పీలగా ఉందేంటండీ?" అని నా మీదే విరుచుకుపడతారు. వాళ్లతో వాదించి వాదించి విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టుకున్నాను. స్పీకర్లు సర్దాక ఆ ఇంటాయన్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు మూసుకోమంటాను. పాట వేసి, పాడే మనిషి ఎక్కడుందో వేలితో చూపించమంటాను. రెండు స్పీకర్ల మధ్య ఖాళీ గోడను చూపిస్తే నా పని కుదిరినట్టు. కళ్లు తెరిచి, అక్కడేమీ లేదని చూసి అందరూ నవ్వుతారు.

ఖాదర్ గారి ఇల్లు బందరులో, చిలకలపూడి దగ్గర. రోల్డ్‌గోల్డ్ నగల పని చేసి, చూపు తగ్గాక మానేసిన పెద్దాయన. భార్య పోయి మూడేళ్లయింది. కూతురు షమీమ్‌ది పక్క వీధే. షమీమ్ పెళ్లికి ముందు ఆడవాళ్లంతా చేరి ఢోలక్ మీద పాడుతుంటే ఎవరో క్యాసెట్‌లో రికార్డు చేశారట. అందరికీ ముందు ఖాదర్ గారి భార్య అందుకుంటుంది, మిగతావాళ్లు వంత పాడతారు. ఆవిడ గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. పాత టేప్‌రికార్డర్‌లో అది రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటోందని నన్ను పిలిచారు.

"బేస్ గీస్ నాకొద్దు బాబూ. ఆవిడ గొంతు ఆవిడ గొంతులా వినపడితే చాలు" అన్నారు. ఇన్నేళ్లకు సరైన మాట అడిగినవాడు దొరికాడని సంబరపడ్డాను.

మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఫ్యాను ఆపేశాను. ముందు నా దగ్గరున్న పాట ఒకటి వేస్తే వేలు సరిగ్గా మధ్యకే వెళ్లింది. తర్వాత ఆయన క్యాసెట్ వేశాను.

ఈసారి ఆయన వేలు వెనక్కి తిరిగింది. కుడిచేతి వైపు, వంటింటి గుమ్మం మీదికి. అటు స్పీకరే లేదు.

పెద్దాయన పొరబడ్డారనుకుని నేనే కూర్చున్నాను. ఢోలకూ వంత గొంతులూ ఎదురుగానే ఉన్నాయి. ఆవిడ గొంతొక్కటీ నా వెనకనుంచి, గుమ్మం దగ్గరనుంచి వస్తోంది. పక్కన నిలబడి పాడుతున్నంత స్పష్టంగా ఉంది. గోడకు తగిలి తిరిగొస్తోందని తేల్చేశాను.

ఇంట్లో ఉన్న బొంతలన్నీ అడిగి గోడలకు వేలాడదీసి, క్యాసెట్ వెనక్కి తిప్పి రెండోసారి వేశాను. గొంతు ఇంకా దూరం జరిగింది. అప్పుడే షమీమ్ టీ పట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. గొంతు ఎటునుంచి వస్తోందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"అదేంటి, అమ్మీ పెరట్లో పాడుతున్నట్టుంది?" అంది.

అక్కడ ఆపేయాల్సింది. ఆపలేదు. నా పనిలో తప్పుంటే అదేంటో తేలాలనే పంతం నాది. కుడి స్పీకరు వైరు పూర్తిగా పీకేసి మూడోసారి వేశాను. ఢోలకు ఎడమ స్పీకర్లోంచి వచ్చింది. ఆవిడ గొంతు ప్రహరీ అవతల, సందులోంచి వచ్చింది. చెవి రిక్కిస్తే తప్ప అందడం లేదు. ఖాదర్ గారు చెప్పులైనా వేసుకోకుండా పెరటి తలుపు దాకా పరిగెత్తారు.

"ఆపండి బాబూ, వెళ్లిపోతోంది!"

ఆపాను. ఉన్నది ఉన్నట్టు వెంటనే ఫోన్లోకి కాపీ తీసేద్దామన్నాను.

"కాపీ తియ్యాలన్నా ఇంకోసారి వెయ్యాలి కదండీ?" అన్నారు ఖాదర్ గారు.

వెయ్యాలి. ఆ మాటే చెప్పాను. ఆయన క్యాసెట్ బయటికి తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆ స్పీకర్లు గుడివాడ తెచ్చి విప్పి చూశాను. ప్లేయరు చూశాను. ఏ లోపమూ లేదు. నాకు పని నేర్పినాయన్ని అడిగితే పాత టేపులు అరిగిపోతాయన్నారు. అరిగితే అందరి గొంతులూ తగ్గాలి. పోనీ ఆవిడదే తగ్గిందనుకున్నా, తగ్గిన గొంతు స్పీకర్లోనే తగ్గాలి గానీ మనిషిలా లేచి పెరట్లోకి ఎలా వెళ్తుంది? మా ఆవిడ విని, "మీరు మొదటిసారితో ఆపుంటే ఆవిడ గుమ్మం దగ్గరే ఉండేది కదండీ" అంది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఇంకో కష్టం వచ్చిపడింది. ఖాదర్ గారికి చెవులు తగ్గుతున్నాయి. కుడి చెవి దాదాపు పోయింది, ఎడమది కూడా ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పారట. క్యాసెట్ వేస్తే ఆవిడ ఇంకా దూరం పోతుంది. వెయ్యకుండా దాచుకుంటే, వినడానికి చెవులుండవు. వెయ్యొద్దని షమీమ్ ఏడుస్తుంది.

ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టినా బాగుండేది. వారానికోసారి ఫోన్ చేస్తారు. నేను గట్టిగా అరిచి మాట్లాడితే గానీ వినపడటం లేదు. ప్రతిసారీ అదే అడుగుతారు.

"వెయ్యమంటారా, ఉంచమంటారా? సౌండు సంగతి తెలిసినవారు, మీరే చెప్పండి బాబూ."

నాకు తెలియదండీ అని మెల్లగా అంటాను, ఆ మాట అరిచి చెప్పలేను. అది ఆయనకు వినపడదు. చెప్పండి, చెప్పండి అని అడుగుతూనే ఉంటారు.