ఎనిమిదో గుడ్డ ముక్క

"ఈ పాత కారు ఇంకొక్కసారి రోడ్డు మీద పొగలు కక్కిందంటే తుక్కు కొనే కబాడీవాడికి ఇచ్చేస్తాను నాన్నా," అన్నాడు కొడుకు యేసుకుమార్. సైన్యంలో ఉన్నన్నాళ్లూ లారీలు విప్పి బిగించిన సాలొమోను తాతయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది. నానమ్మని ఆదివారం చర్చికి తీసుకెళ్లేది ఆ కారులోనే. అది పోతే ఇక ట్యాక్సీ వెనక సీట్లో మూటలా కూర్చోవాల్సిందే.

ఢిల్లీ జనక్‌పురిలో ఇంటి ముందే బానెట్ ఎత్తి, ఇంజన్ మీద మూతలా ఉండే హెడ్ దించేశాడు. దాని కింద పరిచే పల్చటి గాస్కెట్ కాలిపోయి, ఇంజన్ బ్లాకుకి మాడిన అట్టులా అతుక్కుపోయింది. వంటింట్లోంచి ప్లాస్టిక్ అట్లకాడ కొట్టుకొచ్చి, గీత పడకుండా, పసిబిడ్డకి నలుగు పెట్టినంత నెమ్మదిగా గోకాడు. ఇంట్లో ఒక్క గిన్నె కూడా ఆయన చేతిలో అంత గారం ఎరగదు. పెచ్చులు లోపల పడకుండా సిలిండర్లలో, కన్నాల్లో గుడ్డలు కుక్కాడు. చివర్లో థిన్నర్‌తో తుడిచి, సమంగా ఉందో లేదోనని స్టీలు స్కేలు నిలబెట్టి చూశాడు. కింద సందు లేదు. మీసం దువ్వుకుని కొత్త గాస్కెట్ పరిచాడు.

"ఆగండి," అంది నానమ్మ సరళకుమారి. ఆవిడ ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైంది. గుడ్డల లెక్క తేలందే ఏ డాక్టర్నీ కుట్లు వేయనిచ్చేది కాదు. "మీ పాత లుంగీ చింపి ఎనిమిది ముక్కలిచ్చాను. ఇక్కడ ఏడే ఉన్నాయి."

"ఇదేమన్నా మనిషి కడుపా సరళా? అన్నీ తీసేశాను."

"తీస్తే ఏదీ?"

జేబులు తడుముకున్నాడు. కారు కింద దూరాడు. లేదు. వీధి చివర "కబాడీ!" అని కేక. మొన్న కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికించిన సంగతి తాతయ్యకి గుర్తొచ్చింది. గుడ్డ లోపలుండిపోతే ఆయిల్ దారి మూసుకుపోతుంది. కారూ పోతుంది, ఇక తన చేతికి పానా ఇచ్చేవాడూ ఉండడు.

గాస్కెట్ ఎత్తి టార్చి వేశాడు. ఆయిల్ దిగే కన్నంలో, లోతుగా, నల్లటి గుడ్డ కొస! వేలు అందలేదు. నానమ్మ లోపలికెళ్లి ఆపరేషన్లలో వాడే పొడవాటి పట్టకారు, తన పాత ఫోర్సెప్స్ తెచ్చింది. పట్టుకుని, తెగకుండా, మెల్లగా లాగింది.

"ఎనిమిది," అంది.

తాతయ్య అక్కడే మెట్టు మీద కూలబడి, "యేసుకుమార్‌కి చెప్పకే," అన్నాడు.

"పేషెంట్ల సంగతులు మేం బయట చెప్పం. ఇక బిగించండి."

సాయంత్రం కారు స్టార్టయింది. వేడి చూపించే ముల్లు మధ్యదాకా లేచి బుద్ధిగా ఆగిపోయింది. కబాడీవాడు గేటు దగ్గర సైకిల్ ఆపి, కారుకేసి ఆశగా చూశాడు.

"లో భయ్యా, తీసుకో," అంటూ తాతయ్య కాలిన గాస్కెట్ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. "నీకు దక్కేది ఇంతే!"