గేట్ల పట్టికకు వచ్చిన స్కోరు

శంషాబాద్ దాటాక, విమానాశ్రయం వెనకవైపు గోదాముల మధ్య ఉంటుంది మా ఆఫీసు. సరుకు రవాణా కంపెనీ. నేను డేటా విభాగంలో పనిచేస్తాను. ఒక్కో అవసరానికి ఎవరో ఒకరు మొదలుపెట్టి నింపుతూ వచ్చిన డేటా పట్టికలు మా దగ్గర వందల్లో పోగుపడ్డాయి. వాటిలో ఏవి వాడుకలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. "ప్రతిదానికీ ఒక స్కోరు ఇవ్వండి. అడుగున తేలినవి తీసేద్దాం," అని మేనేజరు గారు ఆ పని నాకు అప్పగించారు.

ముందు తేలిక దారి పట్టాను. ఏది ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టి వరస కట్టాను. మొదటి స్థానంలో వచ్చినదాన్ని చూసి నవ్వొచ్చింది. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాం ఒకటి ఐదు నిమిషాలకోసారి దాన్ని తెరిచి మూస్తోంది. మనుషులెవరూ దాని మొహం చూడటం లేదు. సరే, మనుషులు తెరిస్తేనే లెక్క, ఒకే మనిషి పదిసార్లు తెరిచినా ఒకటే అని మార్చాను. ఈసారి జాబితా బాగానే కనిపించింది. అడుగున 'గోదాము గేట్లు' అనే పట్టిక తేలింది. దాన్ని తెరిచేది ఒక్కరే, అదీ రోజుకొక్కసారి.

తీసేసే ముందు ఆ పట్టిక నింపే ఆయన్ని కలిశాను. జల్‌పల్లి నుంచి వస్తారు. చాలాకాలం లారీ నడిపి, మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు బండ్లను పంపించే డెస్కులో కూర్చుంటున్నారు.

"అన్నా, దీన్ని మీరొక్కరే చూస్తున్నారు కదా. తీసేస్తే ఇబ్బందా?"

"నేనొక్కన్నే ఎట్లయితనక్కా? జర ఇటు రాండ్రి."

లారీలు ఆగేచోటికి తీసుకెళ్లారు. గోడకు అతికించిన కాగితం ముందు డ్రైవర్లు నిలబడి ఫోన్లతో ఫొటో తీసుకుంటున్నారు.

"సరుకు దించనీకి మ్యాప్ చూసుకుంట పోతే గోదాము ఎనక గోడ కాడికి తీస్కపోతది. ఆడ పెద్ద బండి తిప్పనీకి జాగ ఉండదు. ఏ గోదాముకు ఏ గేటో పొద్దుగాల ప్రింటు తీసి గిట్ల అతికిస్త. గిది లేకుంటె వీళ్లు ఆరాంఘర్ చౌరస్తా చేరకముందే ఏ గేటుకు పోవాల్నో తెల్వక పరేషానైతరు."

సిగ్గనిపించింది. నేను తెరిచినవాళ్లను లెక్కపెట్టాను కానీ వాడుకునేవాళ్లను వదిలేశాను.

మళ్లీ మొదటినుంచి కూర్చున్నాను. ఒక పట్టిక మీద ఆధారపడి ఇంకేవి నడుస్తున్నాయో, దాని ప్రింట్లు ఎవరి చేతికి చేరుతున్నాయో చూశాను. అన్నిటికంటే ఎక్కువ బరువు ఒక ప్రశ్నకిచ్చాను: ఇది రేపు లేకపోతే ఎవరి పని ఆగుతుంది?

"అలా అడిగితే అందరూ నాదే ముఖ్యమంటారు కదమ్మా," అన్నారు మేనేజరు గారు.

"అందుకే నింపేవాళ్లను అడగలేదండీ. వాడేవాళ్లను అడిగాను."

ఆయన జాబితా మొత్తం చదివి తలూపారు. గేట్ల పట్టిక మూడో స్థానానికి వచ్చింది. ఆ మాట చెబితే అన్న తల కూడా ఎత్తలేదు. "మంచిగైంది. ఇగ కొత్త గేట్లు రెండున్నయి, ఎక్కియ్యాలె."

కొత్త జాబితా అడుగున నా పట్టికే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెలల తరబడి కూర్చుని కట్టింది. అది లేకపోతే ఎవరి పనీ ఆగదు. "మీదే కదా, కావాలంటే ఉంచుకోండి," అన్నారు మేనేజరు గారు. వద్దన్నాను. నా చేతులతోనే తొలగించాను. బాధ వేస్తుందనుకున్నాను. కానీ నేను కట్టిన స్కోరు నా మొహం చూసి కూడా మొహమాటపడలేదన్న గర్వంతో ఆ రోజు ఇంటికి వెళ్లాను.