మైదానంలో మొలిచిన పొద

పోలీసు యాక్షన్ అయ్యి నెల తిరిగిందో లేదో, రాంగోపాల్‌పేట్ దర్జీ ఇమాం వలిని పట్టుకుపోయారు. సాక్ష్యం ఒకే ఒక్క ఫోటో. మైదానంలో రజాకార్లు వరసగా నిలబడ్డారు, ఆ చివర తుపాకీ పట్టుకుని ఇమాం వలి. వేలికి సూది గుచ్చుకుంటే కళ్లు తిరిగే మనిషి, తుపాకీ పట్టాడట! చూసినవాళ్లకి కళ్లుండొద్దూ?

ఆలిస్‌కి ఉన్నాయి. ఆమె భర్త ప్రభుదాస్‌ది ఆ వీధిలోనే ఫోటో స్టూడియో. ఆయన తీసిన అద్దం నెగెటివ్ ప్లేట్ల మీద పెన్సిలుతో మొహాల మచ్చలు దిద్దేది ఈవిడే. దర్జీ భార్య ఖమర్ బీ ఏడుస్తుంటే తోడుగా ఠాణాకి వెళ్లి, అక్కడ ఆ ఫోటో చూసింది. అందరి మొహాల మీదా ఎండ ఒక పక్క నుంచి పడితే, ఇమాం వలికి మాత్రం రెండో పక్క నుంచి పడింది. అందరి బూట్లూ కనిపిస్తున్నాయి, ఇతని కాళ్లకి మాత్రం ఓ పొద అడ్డం.

ఆ పొద చూడగానే ఆలిస్‌కి ఒళ్లు మండిపోయింది. చనిపోయినవాళ్లని కుటుంబం ఫోటోలో కలిపిమ్మని జనం వస్తుంటారు. కాళ్లు నేలకి ఆనినట్టు కుదరవు గనక ప్రభుదాస్ ఎప్పుడూ ఏ పూలకుండీనో అడ్డం పెడతాడు. ఆ పాడలవాటు ఇక్కడా మానలేదు మహానుభావుడు.

ఇంటికొచ్చి ప్లేట్లన్నీ వెతికింది. రంజాన్‌కి తీసిన ఇమాం వలి ప్లేటు దొరికింది. అదే షేర్వానీ, మోచేతి దగ్గర అవే మడతలు. తుపాకీ ఉన్నచోట మాత్రం చేతికర్ర. ఒక మనిషి రెండుసార్లు నిలబడితే మడతలు ముమ్మూర్తులా అలాగే పడతాయా ఎక్కడైనా?

నిలదీస్తే ప్రభుదాస్ నసిగాడు. దర్జీ దుకాణం మీద కన్నేసి, స్టూడియో ఇంటి యజమాని చేయించాడట. కాదంటే స్టూడియో ఖాళీ చెయ్యమన్నాడట.

"చచ్చినవాళ్లని కలుపుతుంటే పుణ్యమనుకున్నా. బతికున్నవాణ్ణి ఉరికంబం ఎక్కిస్తావా నువ్వు?" అంది. మొగుణ్ణి నువ్వు అనడం అదే మొదలు.

ప్లేటు కొంగులో చుట్టుకుని ఠాణాకి నడిచింది. వద్దే, పరువు పోతుందే అని బతిమాలుతూ ఆయన ఠాణా గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. ఇన్‌స్పెక్టర్ ప్లేటుని కిటికీ వెలుగుకి పట్టి, ఫోటో పక్కన పెట్టి, మడతలు ఒక్కొక్కటే పోల్చుకున్నాడు. అతికించిందేనని ఒప్పుకున్నాడు. అయితే అతికించినవాడి పేరు రాయందే దర్జీని వదలడం కుదరదన్నాడు.

ఠాణా వదలని ఖమర్ బీ గుమ్మంలోంచి ఆలిస్‌నే చూస్తోంది.  ఆలిస్‌కి కోపం ఇంత కూడా తగ్గలేదు.

"ప్రభుదాస్. నా మొగుడే. గేటు దగ్గరున్నాడు, పిలిపించండి."