జోడక్కకి రాని ఫోను

ఆవిడ చేతిసంచిలో కళ్ళజోళ్ళు రెండుంటాయి. గొడుగులు రెండు, తాళంచెవుల గుత్తులు రెండు, ఫోను ఛార్జర్లు రెండు. వంటింట్లో ఒక గ్యాసుబండ వాడకంలో ఉంటే ఇంకోటి నిండుగా పక్కనే కూర్చుని ఉంటుంది. అందుకే ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి జోడక్క అంటారు. రెండోది లేకుండా ఆవిడ సరిపెట్టుకున్నది ఒక్క మొగుడితోనేనని ఆ మొగుడే అందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

జోడక్క పని డేటా సెంటర్ నెట్‌వర్కుకి నమూనాలు గీయడం. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ సంగతి ఇంతే. పెద్ద చల్లటి హాల్లో వరసలు వరసలుగా కంప్యూటర్లుంటాయి. వాటి మాట బయటికి పోవాలన్నా, బయటి మాట వాటికి చేరాలన్నా ఒక గుమ్మం కావాలి. ఆ గుమ్మమే గేట్‌వే. గుమ్మం దాటిన మాట ఏ దారిన పోవాలో చెప్పేది రౌటరు. చాలా ఏళ్ళుగా ఆ హాల్లో ఈ రెండు పనులూ ఒకే పాత పెట్టె చేసేది. అది పడకేసిందంటే లోపల యంత్రాలన్నీ నిక్షేపంగా ఉన్నా లేనట్టే. ఊరందరి అంబులెన్సు పిలుపులూ ఆ గుమ్మం గుండానే వెళ్ళేవి కాబట్టి దాని అలకలు భరించక తప్పేది కాదు.

ఆ పెట్టెని జోడక్క ముసలిది అనేది. దాని చాదస్తాలు ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియవు. అది మొరాయించినప్పుడల్లా ఆవిడ ఫోను మోగేది. కూతురు బడి నాటకంలో రాణి వేషం కట్టినరోజు మోగింది. కాలేజీలో పట్టా పుచ్చుకున్నరోజూ మోగింది. అన్నిటికీ రెండోదాన్ని పెట్టుకున్న మనిషికి తన బదులు నిలబడే రెండో మనిషి మాత్రం లేకుండా పోయాడు.

ఇప్పుడు ఆ కూతురు నిండు నెలలతో ఉంది, ఇంకో ఊళ్ళో. "ముందే వచ్చి నీ దగ్గరుంటానే" అని తల్లి ఫోన్లో అంటే, కూతురు నవ్వేసింది.

"ఎందుకమ్మా శ్రమ? మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్ళిపోతావు. అన్నిటికీ రెండోది ఉండాలంటావుగా, నాకూ రెండో అమ్మ ఉందిలే, మా అత్తగారు."

నవ్వుతూనే అంది. అయినా జోడక్క మనసు చివుక్కుమంది. ఆ రోజు అన్నం సయించలేదు. కాన్పు వేళకి తను లేకపోయినా నిలబడే గుమ్మం కట్టాలి, లేకపోతే కూతురి మాటే నిజమవుతుంది. ఆవిడకి ఇంకేమీ తోచలేదు.

కొత్త పెట్టెలు రెండు తెప్పించింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అని పేర్లే గానీ రెండూ ఒకే ఈడువి. రెండింటికీ కలిపి ఒకటే చిరునామా. ఆ చిరునామాకి వచ్చిన మాటకి పెద్దది పలుకుతుంది. క్షణక్షణం చిన్నదానికి "ఉన్నాను, ఉన్నాను" అని కబురు పెడుతుంది. ఆ కబురు ఆగిపోతే, పెద్దది పోయిందని చిన్నది ఆ చిరునామాని తన భుజాన వేసుకుంటుంది. ఆ కబుర్ల కోసం ఒక తీగ చాలు. ఊరికే జోడక్క అయిందా? రెండు తీగలు వేసింది.

ఆవిడకి సహాయకుడుగా ఒక ఇంజనీరున్నాడు. ఏమడిగినా ముందు "ఏమో" అంటాడు కాబట్టి అతను ఏమోగారు. ఇవాళ ఏం వారం అంటే కూడా "ఏమో అక్కా, బుధవారమే అనుకుంటా" అంటాడు, అదీ బుధవారం నాడే. పని తెలిసినవాడే. కానీ ఇలాంటి వాడి చేతిలో గుమ్మం పెట్టి ఊరెళ్ళడం ఎలాగని ఆవిడ గుబులు.

పరీక్ష పెట్టిన ఉదయం అంబులెన్సు పిలుపుల్ని ముసలిదాని మీదే ఉంచారు. ఇద్దరూ స్వెట్టర్లు వేసుకుని హాల్లోకి వెళ్ళారు. ఫ్యాన్ల హోరులో అరుచుకుంటే తప్ప మాట వినబడదు.

"ఏమో అక్కా," అని మొదలుపెట్టాడు ఏమోగారు, "ఆ కబుర్ల తీగలు రెండూ పెద్దదాంట్లో ఒకే కార్డుకి గుచ్చాం కదా. ఆ కార్డే పోతేనో?"

"శుభం పలకరా అంటే నువ్వెప్పుడూ ఇంతేగా! కొత్త కార్డు, ఎందుకు పోతుంది?"

"ఏమో, పోదనే అనుకుందాం. కానీ పోతేనో?"

జోడక్కకి చిర్రెత్తుకొచ్చింది. "ఇదిగో పోయింది, చూడు!" అని నడుస్తున్న పెట్టెలోంచి ఆ కార్డుని, అంటే తీగలు గుచ్చే పలకని, ఒక్క ఊపున పీకేసింది.

చిన్నదానికి కబురు ఆగిపోయింది. పెద్దది పోయిందనుకుని, ఇక పలికేది నేనేనని పచ్చదీపం వెలిగించుకుంది. పెద్దది పోలేదు, దాని పచ్చదీపం అలాగే వెలుగుతోంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారే, అదే జరిగింది. ఒక చిరునామాకి రెండూ నేనంటే నేనని పలకసాగాయి. యంత్రాలు పంపిన మాట సగం ఇటు, సగం అటు పోయి ఏదీ పూర్తిగా చేరలేదు. తెరమీద ఎర్రగీతలు బారులు తీరాయి.

జోడక్క అక్కడున్న అట్టపెట్టె మీద చతికిలబడింది. తెప్పరిల్లి తలమీద మొట్టుకుని నవ్వింది.

"తీగలు లెక్కపెట్టానే గానీ అవి దేన్ని పట్టుకుని ఉన్నాయో చూడలేదురా! ఇద్దరు కాపలావాళ్ళని పెట్టి ఒకే మంచం మీద పడుకోబెట్టాను. పిలుపులు ముసలిదాని మీద ఉన్నాయి గనక బతికిపోయాం."

"ఏమో అక్కా, ఇవాళే తెలియడం మంచిదైంది," అన్నాడు ఏమోగారు. ఆ పూట మొదటిసారి ఆ "ఏమో" ఆవిడ చెవికి తియ్యగా వినబడింది. పెద్ద బరువు దించినట్టయింది.

ఒక తీగని వేరే కార్డుకి మార్చారు. పీకిన కార్డుని మళ్ళీ తోసి, మళ్ళీ పీకి చూశారు. ఈసారి రెండో తీగమీద కబురు అందుతూనే ఉంది కాబట్టి చిన్నది బుద్ధిగా కూర్చుంది. పెద్దదానికి కరెంటే తీసేశారు. చిన్నది మారుమాట లేకుండా అందుకుంది. అప్పుడుగానీ పిలుపుల్ని కొత్త గుమ్మానికి మార్చలేదు.

ఆ వారంలోనే, ఇంకా వ్యవధి ఉందనుకుంటుండగా, అల్లుడి దగ్గర్నించి ఫోను. నొప్పులు మొదలయ్యాయి. జోడక్క సంచి భుజాన వేసుకుంది. అంబులెన్సు గదివాళ్ళు పిలిచే డ్యూటీ ఫోను తీసి ఏమోగారి చేతిలో పెట్టింది.

"చేతకాకపోతే నాకు ఫోను చెయ్యి. చేతనైనా చెయ్యి."

దారి పొడుగునా రైల్లో తన ఫోను గుప్పిట్లోనే పట్టుకుంది. అది మోగితే తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి పోవాలా? కూతురికి ఏం చెప్పాలి? ఈ ఆలోచనతో కునుకు కూడా పట్టలేదు. ఫోను మోగలేదు.

ఆసుపత్రికి చేరేసరికి కూతుర్ని ఇంకా కాన్పు గదిలోకి తీసుకెళ్ళలేదు. తల్లిని చూసి ఆ పిల్ల ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. అంతసేపూ నిలబడి ఉన్న వియ్యపురాలు, "మీరొచ్చారు, నాకు ధైర్యమొచ్చింది వదినా. ఇంటికెళ్ళి కాస్త నడుం వాలుస్తా," అని చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం వసారాలో బెంచీ మీద కూర్చుని జోడక్క తనే ఫోను చేసింది.

"అంతా బాగానే ఉందా?"

"ఏమో అక్కా, చెప్పాలా వద్దా అనుకుంటున్నా. మీరు ఆవేళ పీకిన కార్డు పొద్దున చచ్చిపోయింది. పిలుపుల్ని మార్చినప్పుడు బయటికి పోయే తీగ కూడా దాంట్లోనే గుచ్చాంగా."

జోడక్క లేచి నిలబడింది. "మరి పిలుపులు?"

"ఒక్కటీ తెగలేదు. పెద్దది రెండో తీగమీద కబురు పెట్టి తప్పుకుంది, చిన్నది అందుకుంది. అంబులెన్సు గదివాళ్ళకి ఇప్పటిదాకా తెలీదు."

"మరి నాకెందుకు చెయ్యలేదు? చేతనైనా చెయ్యమన్నానుగా!"

"నేనేం చేశానక్కా చెప్పడానికి? అదే చూసుకుంది. తీరిగ్గా కొత్త కార్డు పెట్టా, అంతే. ఇంతకీ మనవడా, మనవరాలా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ అంత హాయి ఎప్పుడూ ఎరగదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మనవరాలని చెప్పి, అతన్ని నోరారా మెచ్చుకుని గదిలోకి వచ్చింది.

మంచంమీద కూతురు సగం కళ్ళు తెరిచింది. "ఆఫీసువాళ్ళేనా? ఎప్పుడు బయల్దేరుతున్నావు?"

"బయల్దేరేది లేదు. వాళ్ళకి నా అవసరం లేదట."

ఆ మాటకి తల్లి నొచ్చుకుందేమోనని కూతురు తేరిపార చూసింది. తల్లి మొహం నిండా నవ్వే ఉంది.

"నాకుందిలే," అంది కూతురు, పసిదాన్ని తల్లి చేతుల్లో పెట్టి. "దీన్ని పట్టుకో. నేను నిద్ర లేచేదాకా ఎక్కడికీ కదలకు."